రోజూ మరిచిపోయే పాస్‌వర్డ్

ఉస్మాన్‌గంజ్‌లో ధర నోటితో పలికే వస్తువు కాదు. అది రుమాలు కింద పుడుతుంది, రుమాలు కిందే పెరుగుతుంది, బేరం కుదిరాకనే లోకానికి ముఖం చూపిస్తుంది. అమ్మేవాడూ కొనేవాడూ కుడిచేతులు కలుపుతారు. పైన ఒక రుమాలు పరుచుకుంటుంది. లోపల వేళ్ళు వేళ్ళను నొక్కుతాయి. ఏ అంకె నొక్కారన్నది ఆ ఇద్దరికే ఎరుక. చుట్టూ దళారులు మెడలు చాచి నిలబడినా వాళ్ళకు కనిపించేది గుడ్డ కదలిక మాత్రమే.

ఈ విద్యలో సార్వభౌముడు రామలింగయ్య సేట్. మిర్చికీ పసుపుకీ హోల్‌సేల్ వ్యాపారి. ఆయన ముఖం చూసి ధర ఊహించగలిగినవాడు ఆ బజారులో ఇంతవరకు పుట్టలేదు.

అట్టి గుప్తవిద్యా చక్రవర్తి, ముసురు పట్టిన ఒక ఉదయాన, గద్దె మీద పద్మాసనం వేసుకుని, ఫోనును కళ్ళకు బారెడు దూరంలో పట్టుకుని, వెనకగదిలో కంప్యూటర్ ముందున్న కొడుక్కి వినబడేలా ఇలా సింహనాదం చేశాడు:

"వేణూ! ఓటీపీ ఒచ్చిందిరా, కొట్టుకో! నాలుగు! ఏడు! మళ్ళ నాలుగు! రెండు! ఒకటి! తొమ్మిది!"

"ఆఖరుది ఏంది బాపూ? ఆరా, తొమ్మిదా?" అని అంతకు మించిన గర్జన లోపలినుంచి వచ్చింది.

"తొమ్మిదిరా! తొమ్మిది!"

హమాలీలు విన్నారు. ఎదురుకొట్టులో బెల్లం అమ్మే బాలకిషన్ విన్నాడు. వానకు చూరుకింద చేరిన మేక కూడా చెవులు రిక్కించింది. గడపలో నిలబడి చున్నీ అంచు పిండుకుంటున్న ఒక యువతి అందరికన్నా శ్రద్ధగా విన్నది.

"ఇంగొక్కసారి చెప్పుండ్రి సేట్," అన్నదామె. "చార్మినార్ కాడ ఉన్నోళ్ళకు సరిగ్గ ఇనబడలే."

రామలింగయ్య ఫోను దించాడు. వెనకగదిలోంచి వేణుగోపాల్ బయటికి వచ్చాడు. జుట్టునిండా పసుపు పొడి పడి, అప్పుడే ఏదో వ్రతంలోంచి లేచి వచ్చిన పెళ్ళికొడుకులా ఉన్నాడు.

"ఎవలు మేడమ్ మీరు?"

"పత్తర్‌గట్టి బ్రాంచ్ నుంచి వచ్చిన. మీ ఖాతా మా దగ్గర్నే ఉంది. పేరు స్వరూప. ఆన్‌లైన్ల పైసలు ఎట్ల పదిలంగ ఉంచుకోవాలెనో దుకాణదారులకు చెప్పుమని పంపిన్రు. మీరేమో ఎట్ల పోగొట్టుకోవాలెనో చూపెడుతున్రు."

"గంజ్‌ల అందరు మా మనుషులే మేడమ్," అన్నాడు వేణు, కొంచెం రోషంగా. "ఈడ దొంగలు లేరు."

"దొంగలు లేకపోతె మరి గీ రుమాలెందుకు?"

ఆ ప్రశ్న విని గద్దె మీది తక్కెడ కూడా నిశ్చలమైందని తరువాత బాలకిషన్ చెప్పుకున్నాడు. రామలింగయ్య రుమాలు వైపు చూసుకున్నాడు, ఫోను వైపు చూసుకున్నాడు. తరతరాల వ్యాపారనీతికీ చేతిలోని గాజుపలకకూ మధ్య ఇంత పెద్ద కంత ఉన్నదని ఆయనకు ఆనాడే తెలిసింది.

వేణుగోపాల్‌కు ఆ మాటలేవీ వినబడలేదు. ఆమె కనురెప్పల మీద ఒక వానచుక్క నిలిచి ఉన్నది. అది ఎప్పుడు రాలుతుందా అని అతడు చూస్తున్నాడు. అది రాలింది. అతడూ రాలాడు.

స్వరూప మొఘల్‌పురా పిల్ల. తండ్రి బీరయ్య నీళ్ళ పైపులు బాగుచేసే సర్కారు ఫిట్టర్. లీకేజీ ఎక్కడున్నా శబ్దం విని పసిగట్టడం ఆయన వృత్తి, కూతురికి అబ్బిన గుణమూ అదే. బ్యాంకు పేరుతో వచ్చే లింకులు నొక్కొద్దని, తెలియని యాప్‌లు ఫోన్లోకి రానీయొద్దని, ఖాతా బందవుతుందని ఎవరైనా తొందరపెడితే ఆ తొందరే దొంగతనానికి గుర్తని ఆమె ఓపిగ్గా చెప్పింది. రామలింగయ్య తల ఊపుతూ విన్నాడు. ఆయన ఆ ఉపన్యాసంలోంచి గ్రహించిన పరమార్థం ఒక్కటే: నోటితో చెప్పరాదు.

మరునాటినుంచి ఓటీపీ వస్తే వేణు పరుగెత్తుకొచ్చి చెయ్యి చాపేవాడు. రుమాలు పడేది. తండ్రి వేళ్ళు కొడుకు వేళ్ళకు అంకెలు వినిపించేవి. ఎదురుకొట్టు బాలకిషన్ ఈ సంస్కరణను మెచ్చుకుని తానూ అమలుచేశాడు. ఆధునిక విజ్ఞానం ఉస్మాన్‌గంజ్‌లో ఈ విధంగా ప్రతిష్ఠితమైంది.

*

పాస్‌వర్డ్ వరుసగా మూడుసార్లు తప్పుకొడితే ఆ బ్యాంకులో ఖాతా తలుపు మూసుకుంటుంది. మళ్ళీ తెరవాలంటే మనిషి స్వయంగా శాఖకు వెళ్ళి సంతకం పెట్టాలి. ఈ నిబంధన రాసిన అధికారి ఎవరోగాని, పూర్వజన్మలో మన్మథుడి ఆస్థానంలో లేఖకుడై ఉండాలి.

వేణుగోపాల్ తప్పుకొట్టడం మొదలుపెట్టాడు.

"మళ్ళ మర్సిపోయిన్రా?" అని అడిగింది స్వరూప.

"అవ్ మేడమ్."

"మొన్ననే గద మార్చుకున్రు?"

"ఏం చెయ్యాలె మేడమ్, బుర్రల నిలుస్తలేదు."

"బాదాం తినుండ్రి."

"తింటున్న మేడమ్. బాదాం యాదికుంటుంది, పాస్‌వర్డే ఉంటలేదు."

ఆమె నవ్వు ఆపుకుని కాగితం ముందుకు జరిపేది. ఖాతా తండ్రీకొడుకులిద్దరి పేరా ఉంది గనుక అతడు సంతకం పెట్టేవాడు. తరువాత పక్కనున్న కంప్యూటర్ ముందు అతణ్ణి కూర్చోబెట్టి, "కొత్తది కొట్టుండ్రి. నేను చూడ," అని కుర్చీని గోడవైపు తిప్పుకునేది.

వనితలు ముఖం తిప్పుకోవడం ప్రణయశాస్త్రంలో అపశకునం. ఇక్కడ మాత్రం అది బ్యాంకింగ్ మర్యాద. ఆమె గోడకున్న క్యాలెండర్‌ను చూస్తూ కూర్చునేది. అతడు ఆమె జడను చూస్తూ కూర్చునేవాడు. కిటికీ బయట పత్తర్‌గట్టి రాతి కమానుల మీద వాన సన్నగా, తొందర లేకుండా, ఎవరి కోసమో వేచివున్నట్టు కురిసేది. అత్తరు దుకాణాల వాసన తడిగాలిలో తేలివచ్చి ఫైళ్ళ మీద వాలేది. ఆ క్షణాల్లో వేణుగోపాల్‌కు బ్యాంకు బ్యాంకులా ఉండేది కాదు. నీళ్ళలో కనిపించే నగరంలా మెల్లగా ఊగేది.

"అయిందా?"

"ఇంకొంచెం టైమ్ పడతది మేడమ్."

"గంత సేపేంది?"

"మస్తు స్ట్రాంగ్ పాస్‌వర్డ్ పెడుతున్న."

"ఇంట్లోళ్ళ పేర్లు గిట్ల పెట్టలే గద? అవ్వి దొంగలు అల్కగ పట్టుకుంటరు."

"ఇంట్లోళ్ళ పేరు కాదు మేడమ్," అన్నాడు అతడు. "ఇంకా" అన్న మాటను మింగేశాడు.

ఇదీ అతని అవస్థ. ప్రపంచంలో అతడు ప్రేమను ప్రకటించిన చోటు ఒక్కటే ఉంది. అది ఆమెకు రెండడుగుల దూరంలోనే ఉంది. దాన్ని చూడకూడదని ఆమెకే ఉత్తర్వులున్నాయి. అక్షరాలు తెరమీద నల్లని చుక్కలుగా మారిపోయేవి. తన పేరు చుక్కలై మెరుస్తుండగా స్వరూప ఎదురుగా ఆషాఢ అమావాస్య ఎప్పుడో చూసుకుంటూ ఉండేది.

*

ఒక మంగళవారం పొద్దున వేణు ఎప్పటిలా మూడుసార్లు తప్పుకొట్టి, బ్రాంచికి పోవడానికి వెనకగదిలో తల దువ్వుకుంటున్నాడు. అతడు బయటికి వచ్చేసరికి తండ్రి గద్దె మీద సంతృప్తిగా కాళ్ళు చాపి ఉన్నాడు.

"బ్యాంకాయన ఒచ్చిపోయిండురా. కేవైసీ అంట. ఇయాల చెయ్యకుంటె ఖాతా బందైతదన్నడు. చేపిచ్చేసిన."

వేణు చేతిలోంచి దువ్వెన జారింది. "ఏం చేపిచ్చినవ్ బాపూ?"

"ఖాతా నంబర్ ఇచ్చిన. ఓటీపీ ఒచ్చింది. ఇచ్చిన."

"ఓటీపీ ఇచ్చినవా!"

"గట్ల ఒర్లకు. నోటితోని చెప్తనా నేను? ఆయనే అన్నడు, 'జమానా ఖరాబుంది సేట్, చెయ్యి ఇయ్యుండ్రి' అని. రుమాలు కింద చెప్పిన. పక్కన హమాలీ నిలబడి ఉన్నడు, గాయనకు గూడ తెల్వదు. మస్తు చెయ్యిరా గా బ్యాంకాయన్ది! మన గంజ్ చెయ్యి!"

"ఏడున్నడిప్పుడు?"

"ఫోన్ల సిగ్నల్ లేదని బయటికి పోయిండు. ఒస్తడు."

ఆయన రాలేదు. రాడని వేణుకు అర్థమైంది. బ్యాంకుకు ఫోన్ చేస్తూనే తండ్రి చెయ్యిపట్టుకుని పత్తర్‌గట్టికి పరుగెత్తాడు. ఆ పరుగులో మొదటిసారి అతడు తల చెదిరిపోయిందా అని చూసుకోలేదు.

స్వరూప తెరమీద చూస్తున్నంతసేపూ రామలింగయ్య కౌంటర్ అంచు వదల్లేదు. దసరా సరుకు కోసం కూడబెట్టిన సొమ్మంతా ఆ ఖాతాలోనే ఉంది.

"సేట్, పైసలు ఉన్నయి," అన్నదామె చివరికి. "గా మనిషి మీ ఓటీపీతోని లోపలికి పోనీకి చూసిండు. పోలేకపోయిండు. ఖాతా పొద్దుగాలనే లాకయ్యి ఉంది."

రామలింగయ్య కుర్చీలో కూలబడ్డాడు. "ఎవ్వలకు ఇనబడకుంట చెప్పిన బిడ్డా! మా పోరడికి గూడ తెల్వదు!"

"దొంగకు తెల్సింది గద సేట్?"

"గంజ్ చెయ్యి తెల్సినోడు దొంగెట్లయితడు?"

స్వరూప కుర్చీని ఆయన వైపు తిప్పుకుంది. తరువాత చాలా మెత్తగా అన్నది: "ఓటీపీ మెల్లగ చెప్పుడు గాదు సేట్. చెప్పుడే లేదు. బ్యాంకోళ్ళం మేము ఎన్నడడగం. నేనడిగినా ఇయ్యకుండ్రి."

ఆమె వెంటనే కార్డు ఆపించింది. సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చేయించి ఫిర్యాదు రాయించింది. అంతా అయ్యాక రామలింగయ్య కళ్ళు తుడుచుకుని అడిగాడు: "మరి లాక్ ఎవ్వలు చేసిన్రు బిడ్డా?"

"మీ కొడుకే."

"చూసినవా! ముందుచూపు! నా కొడుకు ముందుచూపు!" అని ఆయన కొడుకును బ్యాంకు నడిబొడ్డున కౌగిలించుకున్నాడు. స్వరూప వేణును చూసింది. ఆ చూపులో కొత్తగా గౌరవం ఉంది.

వేణుగోపాల్ నోరు విప్పలేదు. ఆమెకు అతడు చెప్పిన అబద్ధాలు చాలానే ఉన్నాయి. బరువనిపించింది మాత్రం ఏమీ చెప్పని ఈ ఒక్కటే.

*

ఆ ఆదివారం మిర్చి బస్తాలు పేర్చి వేదిక కట్టారు. ఉస్మాన్‌గంజ్ చరిత్రలో దుకాణదారుడి ముందుచూపుకు సన్మానం జరగడం అదే మొదలు. బాలకిషన్ శాలువా పట్టుకుని, పట్టాభిషేకానికి వచ్చిన పురోహితుడిలా నిలబడ్డాడు. బస్తాల ఘాటుకు సభ సభంతా తుమ్ముతున్నది. నాలుగు మాటలు చెప్పమని స్వరూపను పిలిచారు.

"నేను దుకాణం దుకాణం తిరిగి చెప్తున్న," అన్నదామె. "చాలమంది నవ్విన్రు. ఒక్కరు మాత్రం నా మాట మనసుల పెట్టుకున్నరు. వేణుగోపాల్ గారు ముందుగాలనే ఖాతా లాక్ చేసి పెట్టిన్రు. నా మాటకు ఫలితం దొరికింది అనిపించింది నాకు. గీయన్ని చూసి అందరు..."

"మేడమ్, ఆగుండ్రి."

వేణు లేచి నిలబడ్డాడు. ముఖం మిర్చి రంగులో ఉన్నది.

"మీ నోటితోని గా మాట రావొద్దు. నేను ముందుచూపుతోని లాక్ చెయ్యలే."

"మరి?"

"మిమ్మల్ని చూద్దామని చేసిన. గా ఒక్కనాడు గాదు. ప్రతిసారి. నేను పాస్‌వర్డ్ ఎన్నడు మర్సిపోలే మేడమ్."

శాలువా గాలిలోనే ఆగిపోయింది. వెనకనుంచి ఒక హమాలీ పకపకా నవ్వాడు. అంతటితో గంజ్ మొత్తం నవ్వింది. రామలింగయ్య రుమాలు తీసి ముఖం తుడుచుకుంటున్నట్టు కప్పుకున్నాడు.

నవ్వనిది స్వరూప ఒక్కతే. ఆమె బస్తాల మీదినుంచి దిగి అతని దగ్గరికి వచ్చింది. అతనికి మాత్రమే వినిపించేంత తక్కువ గొంతుతో అన్నది:

"మీ కొట్టుకు వచ్చినోడు గూడ గిట్లనే. అసలు పని దాచి, లేని పని చెప్పిండు. గాయన్ని నమ్మొద్దని మీకు నేర్పిన. మిమ్మల్ని ఎట్ల నమ్మాలె ఇప్పుడు?"

ఆమె వానలోకి వెళ్ళిపోయింది. శాలువాను బాలకిషన్ మడిచి తన కొట్టుకే తీసుకుపోయాడు.

సాయంత్రం కొట్టు మూసేటప్పుడు రామలింగయ్య అన్నాడు: "బజార్ల ఇజ్జత్ తీసినవ్ గదరా."

"అవ్ బాపూ."

"గప్పుడు నోరు మూస్కుంటె ఏమైతుండె? శాలువా గూడ ఒస్తుండె."

"నా అబద్ధానికి ఆమె సాక్ష్యం చెప్తుండె బాపూ. ఎట్ల ఊకోవాలె?"

తండ్రి తాళం వేసి, రెండుసార్లు లాగి చూసి నడిచాడు. కొంతదూరం పోయాక, "గదైతె నిజమే," అన్నాడు.

*

మరునాడు వేణుగోపాల్ బ్యాంకుకు పోయి, క్యూలో నిలబడి, టోకెన్ తీసుకుని, తన వంతు వచ్చేదాకా కూర్చున్నాడు.

"ఏం పని?" అన్నది స్వరూప, తలెత్తకుండా.

"పనేం లేదు మేడమ్. ఖాతా మంచిగనే ఉంది. పాస్‌వర్డ్ యాదికుంది. సారీ చెప్పనీకి వచ్చిన. మిమ్మల్ని చూడనీకి గూడ వచ్చిన. రెండు నిజాలే."

ఆమె వేళ్ళు కీబోర్డు మీద ఆగాయి.

"గివ్వి కౌంటర్ కాడ అయ్యే పనులు గావు."

"మరెక్కడైతయి మేడమ్?"

"నెక్స్ట్ టోకెన్!" అని ఆమె పిలిచింది.

అతడు లేచి వచ్చేశాడు. ఆ తరువాత ఫోన్ చేయలేదు, మెసేజ్ పెట్టలేదు. తెలియని చోటునుంచి వచ్చే తీపిమాటలను ఆమె ఏమంటుందో అతనికి బాగా తెలుసు. రోజూ పొద్దున కంప్యూటర్ ముందు కూర్చుని పాస్‌వర్డ్ కొట్టేవాడు. అది మొదటిసారికే తెరుచుకునేది. లోకంలో అంతకన్నా విషాదకరమైన విజయం మరొకటి లేదు. బయట వాన మొజంజాహి మార్కెట్ దిక్కునుంచి వచ్చి మూసీ దాటి పోతుండేది. ఆ వానలో పాతనగరమంతా ఎవరో మరిచిపోయిన కలలా తడిసి మెత్తబడి కనిపించేది.

*

అది రెండో శనివారం. మధ్యాహ్నం వాన బలంగా కురుస్తున్నది. స్వరూప గడపలో నిలబడి ఉండటం ముందు రామలింగయ్యే చూశాడు.

"రా బిడ్డా! బ్యాంకు బంద్ గద ఇయాల? ఏం పనిమీద వచ్చినవ్?"

"పనేం లేదు సేట్," అన్నది స్వరూప. "ఊరికెనే వచ్చిన."

ధరల గుట్టు తెలిసినవాడికి మాట బరువు తెలియకుండా ఉండదు. వానలో తడుస్తూ మొఘల్‌పురా నుంచి ఉస్మాన్‌గంజ్‌కు ఎవరూ ఊరికే రారు. వచ్చి, పనేమీ లేదని ఇంత ధైర్యంగా ఎవరూ చెప్పరు. వెనకగది గుమ్మంలో వేణుగోపాల్ శిలలా నిలబడిపోయాడు.

"ఇంట్ల తెల్సా బిడ్డా?" అని మెల్లగా అడిగాడు రామలింగయ్య.

"నాయినకు చెప్పే వచ్చిన."

"ఏమని చెప్పినవ్?"

"ఉస్మాన్‌గంజ్ పోతున్న, పనేం లేదు అని."

"ఏమన్నడు?"

"మొన్న సన్మానం కాడ జరిగిందంత ఆయనకు ఎప్పుడో చెప్పిన. 'అందరి ముంగట గంత నిజం చెప్పిన పోరడు తర్వాత ఏమన్నడు?' అని అడిగిండు. టోకెన్ తీస్కొని సారీ చెప్పిండన్న. జరసేపు ఆలోచించి, 'వానుంది, గొడుగు తీస్కపో' అన్నడు. నేనే మర్సిపోయి వచ్చిన."

రామలింగయ్య గద్దె మీదినుంచి లేచాడు. వ్యాపారవేళలో ఆయన గద్దె దిగడం అరుదు. కోడలు అంటే ఆయన మనసులో ఇంతకాలం ఏదో పెద్ద హోల్‌సేల్ ఇంటి గుమ్మమే మెదిలేది. ఆ గుమ్మాన్ని ఆయన ఒక్క క్షణం తలచుకున్నాడు. కాపాడబడిన ఖాతాను కూడా తలచుకున్నాడు. కొడుకు ముఖం వైపు చూసి, లెక్కలు అక్కడితో ఆపేశాడు.

"మీ నాయిన ఇంట్లనే ఉన్నడా?"

"ఉన్నడు. నంబర్ ఇయ్యనా సేట్?"

"నంబరొద్దు. ఫోన్ల ఎవడన్న ఏమన్న అంటడు. నేను నేనే అని గాయనకు ఎట్ల తెలవాలె? పోయి ముఖం చూపెడ్త. ఇల్లు యాడనో చెప్పు."

"వాన తగ్గినంక పోవచ్చు గద సేట్?"

"గిసొంటి బేరానికి వాన చూస్తరా? మళ్ళ, ఇగనుంచి సేట్ అనకు."

"మరేమనాలె?"

"గది మీ నాయిన్ని అడిగొచ్చి చెప్త," అని ఆయన చెప్పులు తొడుక్కున్నాడు. గుమ్మం దాటబోతూ వెనక్కి తిరిగి, "గాయనడిగితె నా ఆధార్ కార్డు గూడ చూపెడ్త," అని భరోసా ఇచ్చి, పసుపు సంచి తలమీద కప్పుకుని వానలోకి నడిచాడు. దండయాత్రకు వెళ్ళే రాజులకు ఛత్రాలు మాత్రమే ఉండేవి.

కొట్టులో ఇద్దరే మిగిలారు. చూరునుంచి నీళ్ళు తెరలా పడుతున్నాయి. తెరకు అవతల బాలకిషన్ కొట్టూ, హమాలీలూ, బండ్లూ, గంజ్ మొత్తం చెరిగిపోయాయి. మిర్చి ఘాటు కూడా ఆనాడు మర్యాదగా దూరంగా ఉన్నది.

"మేడమ్..." అన్నాడు వేణుగోపాల్.

"బ్యాంకుకు సెలవు," అన్నది ఆమె. "మేడమ్‌కు గూడ సెలవే."

అతడు చాలాసేపు ధైర్యం కూడదీసుకున్నాడు.

"స్వరూపా."

"ఆఁ, చెప్పు."

"ఏం లేదు," అన్నాడతడు. "ఊరికెనే పిలిచిన."

ఆమె నవ్వింది. ఈసారి ముఖం తిప్పుకోలేదు.